పాల్‌కోవా పొయ్యి నుంచి మందు గది దాకా
(శ్రీవిల్లిపుత్తూరులో చేసిన స్మారకోపన్యాసం)



విల్లిపుత్తూరు పేరు చెబితే తెలుగు చదువుకున్నవాళ్లకు మొదట గుర్తొచ్చేది ఆముక్తమాల్యద. ఐదు వందల ఏళ్ల కిందట శ్రీకృష్ణదేవరాయలు విష్ణుచిత్తుడి కథను, గోదాదేవి కథను ఈ ఊళ్లోనే నిలిపి తెలుగులో కావ్యం రాశాడు. ఆ తర్వాత గుర్తొచ్చేది పాల్‌కోవా. మా మాస్టారికి రెండూ ఇష్టమే. కానీ రసాయన శాస్త్రం మొదలుపెట్టిన రోజున ఆయన మమ్మల్ని గుడికి తీసుకెళ్లలేదు, కోవా కొట్టు వెనక వంటశాలకు తీసుకెళ్లారు. తెల్లవారి ఆరు గంటలైంది. "గంటసేపు చూడండి, ఎవరూ మాట్లాడొద్దు" అన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బోర్డు మీద ఇంగ్లీషు రాసిన మనిషి ఆయన. ఆయన పేర జరుగుతున్న ఈ సభలో ఆ గంటసేపు చూసినదాని దగ్గరే మొదలుపెట్టడం నాకు న్యాయంగా తోస్తోంది.

ఏం చూశాం? వెడల్పాటి బాణలి, అందులో పాలు, కింద మంట. ఒక మనిషి పెద్ద గరిటెతో అడుగు గీకుతూ ఆపకుండా తిప్పుతున్నాడు. చాలాసేపు ఏమీ జరుగుతున్నట్టు కనిపించలేదు. తెల్లగా ఉన్న పాలు తెల్లగానే ఉన్నాయి. చివరి కొద్ది నిమిషాల్లో మాత్రం అంతా ఒక్కసారే మారింది. పాలు చిక్కబడ్డాయి, మీగడ రంగు వచ్చింది, వాసన మారింది, తిప్పే చేయి రెట్టింపు వేగంతో కదిలింది. బయటికొచ్చాక మాస్టారు ఒకటే ప్రశ్న వేశారు: "మంట మొదటినుంచీ ఒకటే. పాలు ఒకటే. మరి మొదటి అరగంటలో రాని రంగు చివరి ఐదు నిమిషాల్లో ఎందుకొచ్చింది?"

ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే ఈరోజు నేను చెప్పబోయే పాఠంలో సగం తెలిసినట్టే. పాలల్లో నూటికి 87 పాళ్లు నీళ్లు. నీళ్లున్నంతసేపూ బాణలి ఎంత మండించినా లోపలి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మంట ఇచ్చే వేడంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. కోవాకు రంగు, కమ్మదనం ఇచ్చే చర్య వేరే. పాలలోని చక్కెరకూ మాంసకృత్తులకూ మధ్య జరిగే ఆ చర్యను 1912లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు మయ్యార్ వివరించాడు. నీళ్లు నిండుగా ఉన్న పాలల్లో ఆ రెండూ ఒకదానికొకటి దూరంగా ఉంటాయి కాబట్టి చర్య నత్తనడకన సాగుతుంది. నీళ్లు పోయేకొద్దీ రెండు సంగతులు కలిసొస్తాయి. ఒకటి, చర్యలో పాల్గొనేవి దగ్గరవుతాయి, అంటే గాఢత పెరుగుతుంది. రెండు, ఆపే నీళ్లు తగ్గాయి గనక వేడి నూరు డిగ్రీల కట్ట దాటుతుంది. గాఢత, ఉష్ణోగ్రత రెండూ ఒకేసారి ఎక్కితే వేగం కూడినట్టు కాదు, గుణించినట్టు పెరుగుతుంది. ఆ చివరి ఐదు నిమిషాల కథ అదే. అక్కడ గరిటె ఆగితే అడుగున పల్చని పొర ఎండి, వేడెక్కి, మాడు వాసన కొడుతుంది. పైన కోవా, అడుగున బొగ్గు. బాణలి ఒకటే, రెండు వేగాలు.

2019లో శ్రీవిల్లిపుత్తూరు పాల్‌కోవాకు, 2020లో కోవిల్‌పట్టి కడలై (వేరుశనగ) మిఠాయికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాల్సిన సంగతి. ఆ గుర్తింపు ఊరి పేరుకు ఇచ్చారు గానీ అసలు దక్కాల్సింది గరిటె ఎప్పుడు తొందరపడాలో, మంట ఎప్పుడు తగ్గించాలో తెలిసిన చేతికి అని నా అభిప్రాయం.

రసాయన చర్యకు వేగం ఉంటుందనీ, దాన్ని కొలవవచ్చుననీ మనుషులకు తట్టింది చాలా ఆలస్యంగా. 1850లో విల్హెల్మీ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు చెరకు పంచదారను ఆమ్లం కలిపిన నీటిలో ఉంచి, అది రెండు చిన్న చక్కెరలుగా విడిపోయే తీరును ధ్రువిత కాంతితో నిమిష నిమిషానికీ గమనించాడు. ఏ క్షణంలోనైనా మిగిలి ఉన్న పంచదార ఎంతో, విడిపోయే వేగం దానికి తగినంత అని తేల్చాడు. చర్యావేగానికి మొదటి లెక్క అదే. మన ఇళ్లల్లో అమ్మలు ఆ ప్రయోగం ఎప్పటినుంచో చేస్తున్నారు. పాకం గట్టిపడి పలుకులు కట్టకుండా నిమ్మరసం చుక్క వేస్తారే, ఆ చుక్క చేసే పని విల్హెల్మీ ఆమ్లం చేసిన పనే. పంచదారలో కొంత విడిపోతే పలుకు కట్టదు. బెల్లం వండేవాళ్లకు దీనికి తలకిందులు కావాలి. చెరకు రసం పులుపెక్కి చక్కెర విడిపోతే బెల్లం అచ్చు నిలవదు, అందుకే సున్నం వేసి పులుపు విరుస్తారు. ఒకరు వేగం పెంచుతారు, ఒకరు తగ్గిస్తారు. ఇద్దరికీ తెలిసింది ఒకటే సత్యం.

ఇక వేడి. "పది డిగ్రీలు పెరిగితే వేగం రెట్టింపు" అని ప్లస్ టూ పిల్లలందరూ కంఠస్థం చేస్తారు. ఇది అన్ని చర్యలకూ వర్తించే చట్టం కాదు, చాలా చర్యలకు సుమారుగా సరిపోయే లెక్క మాత్రమే. అయినా దాని లోపల ఒక వింత ఉంది, దాని దగ్గర కాసేపు ఆగుదాం. 25 డిగ్రీల నుంచి 35 డిగ్రీలకు పోతే అణువుల సగటు పరుగు ఎంత పెరుగుతుంది? నూటికి రెండు పాళ్లు కూడా పెరగదు. ఢీకొనడాలు ఆ మాత్రమే పెరిగినప్పుడు చర్య రెండింతలు ఎలా అయింది? దీనికి 1889లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అరీనియస్ ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరింపజేస్తుంది. ఢీకొన్న ప్రతి అణువూ మారదు. చర్యకు ముందు ఒక కొండ ఉంది. ఆ కొండ ఎక్కగల సత్తువ ఉన్నవి కోట్లల్లో ఏ ఒకటో రెండో. ఆ సత్తువకు ఉత్తేజన శక్తి అని పేరు. సగటు కాస్త పెరిగితే చాలు, కొండ ఎక్కగలిగే ఆ కొద్దిమంది సంఖ్య రెట్టింపవుతుంది. ఒక మోల్‌కు 50 కిలోజౌళ్ల కొండ ఉన్న చర్యకు లెక్క కట్టి చూడండి, 25 నుంచి 35 డిగ్రీలకు పోతే సుమారు 1.9 రెట్లు వస్తుంది. ఎత్తైన కొండ ఉన్న చర్యకు ఇంకా ఎక్కువ. అందుకే కొడైకెనాల్‌లో మూత లేని గిన్నెలో అన్నం ఉడకడానికి అంత ఆలస్యం. అక్కడ నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఏడు డిగ్రీలే తగ్గాయి, గంజి మాత్రం ఎంతసేపటికీ రాదు.

ఉత్ప్రేరకం గురించి మాస్టారు చెప్పిన మాట ఒకటుంది. మన పడమటి కొండలకేసి చెయ్యి చూపించి, "అవతలికి పోవాలంటే అందరూ శిఖరం ఎక్కాలా? సెంగోట్టై కనుమ ఉంది కదా" అనేవారు. ఉత్ప్రేరకం కొండను కరిగించదు, తక్కువ ఎత్తున ఇంకో దారి చూపిస్తుంది. దారి చూపించి తాను మిగిలిపోతుంది. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడు సీసాలో నెలల తరబడి నిలుస్తుంది. అందులో పచ్చి ఉర్లగడ్డ ముక్క వేస్తే బుసబుస పొంగుతుంది. ముక్కలోని ఎంజైము చేసిన పని అది. శివకాశిలో అచ్చయ్యే క్యాలెండర్లు తెలుగు ఇళ్ల గోడలకు కూడా చేరతాయి. ఆ ఆఫ్‌సెట్ సిరా గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆరుతుంది, ఆ ఆరుదలను త్వరపెట్టడానికి సిరాలో కోబాల్టు, మాంగనీసు లవణాలు కొద్దిగా కలుపుతారు. ఇంతకంటే దీన్ని పెంచను. నేను ఇక్కడికి వచ్చింది వేరే మాట చెప్పడానికి.

ఆ మాట అల్యూమినియం గురించి.

మన వంటింట్లో అల్యూమినియం గిన్నె పొయ్యి మీద ఇరవై ఏళ్లు కూర్చుంటుంది. మంట తగులుతుంది, నీళ్లు మరుగుతాయి, చింతపులుసు ఉడుకుతుంది. గిన్నె అంటుకోదు. ఎందుకు? అల్యూమినియం నిదానమైన లోహమని కాదు. దానికి ఆక్సిజన్ అంటే మహా ఆత్రం. గాలి తగిలిన క్షణంలోనే పైన కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడు పొర కట్టి, ఆ పొరే లోపలి లోహానికి తలుపు వేసేస్తుంది. మొత్తం గిన్నెలో గాలికి ఎదురుపడేది ఆ పైపొర మాత్రమే.

ఇప్పుడు ఒక సెంటీమీటరు ఘనం తీసుకోండి. దాని ఆరు ముఖాలూ కలిపి 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే వెయ్యి ముక్కలు, 60 చదరపు సెంటీమీటర్లు. మిల్లీమీటరులో నూరో వంతు ముక్కలు చేస్తే వంద కోట్ల ముక్కలు, 6,000 చదరపు సెంటీమీటర్లు. లోహం ఒక్క గ్రాము కూడా పెరగలేదు. ఉపరితలం మాత్రం వెయ్యి రెట్లయింది. చాప మీద పరుచుకున్నట్టు లోహం ఆక్సిజన్‌కు ఎదురొచ్చి నిలబడింది. గాలిలోని ఆక్సిజన్ చాలదన్నట్టు, పక్కనే ఆక్సిజన్‌ను తనలో దాచుకున్న నైట్రేటు పొడిని కలిపితే, అదే వంటింటి లోహం పట్టాసు మందు అవుతుంది. మన తెలుగులోనూ, చుట్టూ ఉన్న తమిళంలోనూ ఒంటికి వేసే దానికీ మందే, పేలే దానికీ మందే. ఎంత కలిపారు, ఎంత మెత్తగా నూరారు, ఎంత వేడిలో ఉంచారు అన్నవే ఆ రెండో మందును మనిషి వశంలో ఉంచుతాయి, లేదా వశం తప్పిస్తాయి.

ఈ పని మన జిల్లాకు ఎలా వచ్చిందో కొంచెం చెప్పాలి. 1923లో శివకాశి నుంచి పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. వాన తక్కువ, నల్లరేగడి పొలాల్లో పంట నమ్మకం తక్కువ, గాలి పొడి. పుల్ల ఆరడానికి అంతకంటే మంచి ఊరు లేదు. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టూ అగ్గిపెట్టె, ఆ వెనకే పట్టాసు పాకింది. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టి, తెలుగు మాట్లాడే ఇంట పెరిగి, ఈ కరిసల్ (నల్లరేగడి) నేల మనుషుల బతుకును తమిళంలో రాసిన కి. రాజనారాయణన్‌ను చదివినవాళ్లకు, వాన రాని ఊరికి కూలిపని అంటే ఎంతటి ఆధారమో నేను చెప్పక్కర్లేదు.

అగ్గిపుల్లను నేను ఇప్పటికీ గౌరవంగా చూస్తాను. వేగాన్ని మనిషి చెప్పుచేతల్లో పెట్టుకున్న వస్తువుల్లో అంత చవకైనది, అంత తెలివైనది ఇంకోటి లేదు. తొలినాటి పుల్లల మీద తెల్ల భాస్వరం ఉండేది. అది 34 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది. మన చిత్తిరై నెల ఎండకు చొక్కా జేబులోనే అంటుకోగలదు. చేసినవాళ్ల దవడ ఎముకలు ఆ విషానికి కుళ్లిపోయాయి. ఎర్ర భాస్వరం కూడా భాస్వరమే, మూలకం ఒకటే. పరమాణువులు అల్లుకున్న తీరు వేరు గనక 250 డిగ్రీలు దాటందే సులభంగా అంటుకోదు. పదార్థ స్వభావం చర్యావేగాన్ని నిర్ణయిస్తుందని పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యానికి అర్థం ఈ రెండు భాస్వరాల మధ్య తేడాలో ఎన్ని దవడలు ఉన్నాయో లెక్కపెడితే తెలుస్తుంది. 1844లో స్వీడన్‌లో పాష్ అనే శాస్త్రజ్ఞుడు ఎర్ర భాస్వరాన్ని పుల్ల మీద కాక పెట్టె పక్కన పూయాలని తలచాడు. ఆక్సిజన్ ఇచ్చే క్లోరేటు పుల్ల తల మీద, మండించే భాస్వరం పెట్టె అంచు మీద. రెండూ కలిసేది గీసిన చోట, గీసిన క్షణంలో, గీసినంత మేరకే. 1906లో బెర్న్ ఒప్పందం తెల్ల భాస్వరం అగ్గిపుల్లలను నిషేధించింది. మన దేశంలో 1913లో చట్టం వచ్చింది.

మా అమ్మ అగ్గిపెట్టెలు అంటించింది. గ్రోసుకు ఇంత అని కూలి. గ్రోసంటే 144. సాయంత్రం దీపం దగ్గర మేమూ కూర్చునేవాళ్లం. పెట్టె ఖాళీది గనక ప్రమాదం లేదు, కానీ లెక్క అప్పుడే ఒంటికి పట్టింది: వేళ్లు ఎంత తొందరగా ఆడితే అంత అన్నం. ఈ లెక్కను మళ్లీ తీసుకొస్తాను.

ఇక పట్టాసు తయారయ్యే మందు గదికి వద్దాం. అక్కడి గోడ మీద నియమాలు రాసి ఉంటాయి. మందు నింపే గదిలో నలుగురికి మించి ఉండకూడదు. కొద్దికొద్దిగానే తెచ్చుకోవాలి. ఇనుప పనిముట్లు వాడకూడదు. నూలు బట్టలే కట్టుకోవాలి. కలిపిన మందును రాత్రికి నిలవ ఉంచకూడదు. ఎండెక్కక ముందే కలిపే పని ముగించాలి. వీటిని అధికారి పెట్టిన ఆంక్షలుగానే మనవాళ్లు చూస్తారు, తనిఖీ వచ్చినప్పుడు పాటించేవిగా చూస్తారు. అది వాళ్ల తప్పు కాదు. ఈ నియమాలు ఒక్కొక్కటీ చర్యావేగ సూత్రమని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది మేము, రసాయనం చదివినవాళ్లం.

ఇనుము వద్దన్నది ఎందుకు? రాపిడికి పుట్టిన ఒక నిప్పురవ్వ అతి చిన్నదే. గదిని వేడెక్కించలేదు. కానీ ఆ రవ్వ ఉన్న సూదిమొన చోట వేడి వందల డిగ్రీలు. అక్కడి కొద్ది అణువులు కొండ దాటితే, అవి విడుదల చేసే వేడితో పక్కవి దాటతాయి. నైలాన్ చీర ఒరుసుకుంటే పుట్టే స్థిర విద్యుత్తుకూ ఇదే లెక్క.

కొద్దికొద్దిగా తెమ్మన్నది ఎందుకు? ఇక్కడ ఘనం లెక్క తిరగబడుతుంది, శ్రద్ధగా వినండి. మందు కుప్పలో ఎప్పుడూ ఏదో కొంచెం చర్య జరుగుతూనే ఉంటుంది. పుట్టే వేడి కుప్ప ఘనపరిమాణాన్ని బట్టి, బయటికి పోయే వేడి కుప్ప ఉపరితలాన్ని బట్టి. కుప్ప అన్ని వైపులా రెండింతలైతే పుట్టే వేడి ఎనిమిదింతలు, పోగలిగేది నాలుగింతలే. మిగిలినది లోపలే ఉండిపోయి వేడి పెంచుతుంది, వేడి వేగాన్ని పెంచుతుంది, వేగం మళ్లీ వేడిని పెంచుతుంది. రష్యా శాస్త్రజ్ఞుడు సెమ్యోనోవ్ 1928లో ఈ వలయానికి గణితం రాశాడు. 1956లో ఆయనకు నోబెల్ వచ్చింది. చిన్న కుప్పలో చల్లారిపోయే చర్య, పెద్ద కుప్పలో పేలుడు. మందు అదే, మార్పు లేదు.

రాత్రికి ఉంచవద్దన్నది ఎందుకు? తేమ. తడి తగిలిన అల్యూమినియం పొడి, నైట్రేటు కలిసి మెల్లగా చర్య మొదలుపెడతాయి. ముక్కుకు అమ్మోనియా ఘాటు తగులుతుంది. వేడి కొద్దికొద్దిగా కూడుతుంది. ఎవరూ లేని గదిలో, ఎవరూ నిప్పు పెట్టకుండా, తెల్లవారేసరికి అంటుకోగలదు. కాబట్టి అమ్మలారా, మందు నుంచి ఆ ఘాటు వస్తే అది చెడు వాసన అనుకోవద్దు, మందు వేడెక్కుతోందనే కబురు అనుకోండి. ముట్టుకోకుండా, కదపకుండా బయటికి వచ్చేయండి.

2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో దాదాపు 40 మంది పోయారు. తొలి మంటలు చూసి సాయానికి పరుగెత్తి వచ్చినవాళ్లూ అందులో ఉన్నారు. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గర అచ్చంకుళంలో 20 మందికి పైగా. వీటి మధ్యా, వీటి తర్వాతా పత్రికల్లో లోపలి పేజీకి పోయినవి ఎన్నో. ప్రతిసారీ రాసే మాట ఒకటే: రాపిడి వల్ల. రాపిడి కారణమంటే నేను ఒప్పుకోను. రాపిడి కొండ ఎక్కించిన మొదటి నెట్టుడు, అంతే. ఆ గదిలో అంత మంది, అంత మందు, అంత ఎండలో ఎందుకున్నారన్నది అసలు కారణం.

ఈ సంగతి పట్టాసుకే పరిమితం కాదని తెలుగువాళ్లకు 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో తెలిసింది. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులో స్టైరీన్ నిలవ ఉంది. స్టైరీన్ అణువులు తమలో తాము గొలుసు కట్టుకునే గుణం కలవి, కట్టుకున్నప్పుడు వేడి విడుదలవుతుంది. అది జరగకుండా రెండు కాపలాలు పెడతారు: చల్లగా ఉంచడం, చర్యను అణిచే నిరోధకం కలపడం. లాక్‌డౌన్ వారాల్లో ఆ రెండు కాపలాలూ బలహీనపడ్డాయి. ట్యాంకు పైభాగంలో ఎంత వేడి ఉందో కొలిచే ఏర్పాటు లేదు. అడుగున చల్లగానే కనబడింది, పైన గొలుసులు అల్లుకుపోతున్నాయి. మరుగుస్థానం 145 డిగ్రీలు. అది దాటాక ఆవిరి ఊరి మీద పడింది. నిద్రలో ఉన్న ఊళ్లో 12 మంది ప్రాణాలు పోయాయి. మన కోవా వండే మనిషిని మళ్లీ తలుచుకోండి. పైన తెల్లగా ఉన్నా అడుగున ఏం జరుగుతోందో గరిటెతో క్షణక్షణం తెలుసుకుంటాడు. అంత పెద్ద ట్యాంకుకు ఆ గరిటె లేకపోయింది.

ఇప్పుడు అమ్మ గ్రోసు లెక్కకు వస్తాను. పుస్తకంలో చర్యావేగానికి కారకాలు చెబుతారు: పదార్థ స్వభావం, గాఢత, ఉష్ణోగ్రత, ఉపరితలం, ఉత్ప్రేరకం. పరీక్షలో ఈ ఐదూ రాస్తే మార్కులు పూర్తిగా పడతాయి. మన జిల్లాలో ఆరోది ఉంది. ఎన్ని చేస్తే అంత కూలి. దీపావళి దగ్గరపడుతుంది, ఆర్డరు పెరుగుతుంది, ముక్కకు ఇంత అన్న రేటు మాత్రం అదే. మధ్యాహ్నం ఎండలో కూడా పని ఆగదు. నలుగురి గదిలో ఎనిమిది మంది కూర్చుంటారు. మందును ఒకేసారి ఎక్కువ తెచ్చి దగ్గర పెట్టుకుంటారు, మాటిమాటికీ లేచి తెచ్చుకుంటే కూలి తగ్గుతుంది గనక. ఇప్పుడు చూడండి, ఆ ఒక్క తొందరలో గాఢత పెరిగింది, ఉష్ణోగ్రత పెరిగింది, కుప్ప పెరిగింది. చేతి వేగం చర్యావేగంలోకి దిగింది. కూలి పద్ధతిని మార్చకుండా గోడ మీద నియమాలు ఎన్ని రాసినా అవి నిలవవని నా గట్టి నమ్మకం. మందు నింపే పనికి ముక్కల లెక్కన కాదు, రోజు లెక్కన కూలి ఇవ్వాలి. యజమానులు కొందరు ఈ సభలో ఉన్నారని నాకు తెలుసు. మీ మీద కోపంతో చెప్పడం లేదు. పెద్ద కుప్ప తెచ్చే లాభం ఎంతో, అది తీసుకుపోయేది ఎంతో మీకే బాగా తెలుసు.

పిల్లల విషయం ఒకటి. 1996 డిసెంబరులో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు శివకాశి పిల్లల గురించి తీర్పిచ్చింది. ప్రమాదకరమైన పనిలో పెట్టిన ప్రతి బిడ్డకు 20,000 రూపాయలు యజమాని కట్టాలంది. ఆ తీర్పు తర్వాత బడికి వచ్చిన తరంలోని వాళ్ల పిల్లలే ఈరోజు మన ముందు వరసలో కూర్చున్నారు. మీరు ఈ పాఠాన్ని పరీక్ష కోసం చదవకండి. ఇది మీ ఇంటి పాఠం.

మాస్టారు పోయేముందు నన్ను అడిగింది ఒకటే: ఈ పాఠాన్ని ఇంగ్లీషులో కాదు, ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పమని. ఇన్నేళ్లకు చెప్పగలిగాను. ఇక నా విన్నపం. ఈ స్మారక నిధి మీద వచ్చే వడ్డీని ఏటా ఒక ఉపన్యాసానికే ఖర్చు చేయవద్దు. అందులో సగంతో మందు గదుల గోడల మీద ప్రతి నియమం కింద దాని కారణం తమిళంలోనూ, తెలుగులోనూ రాయించండి. "కొద్దిగా తెచ్చుకోవాలి" అన్నదాని కింద, "కుప్ప పెద్దదైతే లోపలి వేడి బయటికి పోదు" అని రాయండి చాలు. పిల్లలూ, ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మీ అమ్మను, నాన్నను, అత్తను అడగండి, వాళ్ల గదిలో ఏ నియమం ఉందో, దాన్ని ఎందుకు పెట్టారో. వాళ్లకు తెలియకపోతే మీరు చెప్పండి. రేపు పొద్దున ఆరు గంటలకు వాళ్లు పనికి వెళ్లేలోపే చెప్పండి.